పదకొండు కాగితాలు

ఆ పుస్తకానికి అట్ట లేకుండె.
మండిబజార్ల అద్దెకు తెచ్చేటోడు నాయిన, రోజుకు పావలా.
అన్నిసార్లు తెచ్చినంక దుకాణపాయనే విసిగి
ఉంచుకోవయ్యా అన్నడు.
నూట తొంభై రెండో పేజీ తర్వాత
చిరిగిన మొదళ్లు.
లెక్కవెట్టిన, పదకొండు.

కొత్తవాడ షెడ్డుల ఆరు మగ్గాలు.
పంజా దెబ్బ ఆగినప్పుడల్లా ఒక వాక్యం.
కాకతీయుల కాలం, కోట లోపల రాతిబావి,
గట్టు మీద సుంకాల లెక్కలు రాసేటోని శవం,
మెడకు తాడు, చూపుడువేలికి సున్నం.
రాత్రి గస్తీ తలారి రేచన
దివిటీ వంచి తాడును చూస్తడు.
ఏమీ అనడు. ముక్కు గోక్కుంటడు.
ముక్కు గోక్కున్నడంటే ఏదో దొరికినట్టే,
ఆరు మగ్గాలకూ తెలుసు.

పేజీలు అయిపోయిన కాడికెల్లి
కథ నాయినది.
మజూరీ కోసిన వారం
హంతకుడు సుంకరి.
సేటు తడిసిన నూలు అంటగట్టిన వారం
చంపినోడు ఓడల మీద వచ్చిన నూలు వర్తకుడు.
అమ్మ మాట్లాడని రోజు
హత్యే జరగలే, వాడే కాలు జారి పడ్డడు.
కండెలు చుట్టుకుంట అడిగేదాన్ని,
నిజంగ ఎవలే నాయినా?
రేచన ఇంకా చూస్తుండు బిడ్డా, అనేటోడు.

నలభై ఏండ్లకు, ఆదివారం రాత్రి తొమ్మిదింటికి
ఆ బావి టీవీల వచ్చింది.
బావిని చూసి కాదు గుర్తువట్టింది,
వేలికంటిన సున్నం చూసి.
చేతుల అన్నం ముద్ద అట్లనే ఉంది.
ఒక నవల ఆధారంగా అని అక్షరాలు ఉరికినయ్,
రాసినాయన పేరు చదివేలోపే
ప్రెషర్ కుక్కర్ ప్రకటన మింగింది.

రేచనకు గుర్రం ఇచ్చిండ్రు. భుజాలు ఇచ్చిండ్రు.
ముక్కు గోక్కోడు.
రాజుగారి కొలువును ఖుష్‌మహల్ల పెట్టిండ్రు,
అది ఆ రాజ్యం పోయినంక కట్టిందని
ఖిల్లా కాడ పల్లీలు అమ్మే లచ్చక్కకు గూడ తెలుసు.
పోనీ తియ్.
పదమూడు వారాలు నేను
ఎనిమిదికే వంట దించిన,
నూట తొంభై మూడో పేజీ కోసం.

పదమూడో వారం, రేకుల మీద వాన,
సౌండు పెంచినా సగమే వినవడ్డది.
హంతకుడు సాలె మల్లన అని తేలింది.
కూలి బాకీ పెట్టిన కోపానికట.
తాడే సాక్ష్యం అన్నడు రేచన,
గుర్రం దిగకుండనే.

తాడును దగ్గరగ చూపిచ్చిండ్రు.
ఎనుమాముల మార్కెట్ల బోరాలు కట్టే నైలాన్ తాడు,
పసుపు పూస్తే నార అయితదా?
ముడి చూడు,
మేకను గుంజకు కట్టినట్టు, పిడికిలంత.
సాలె ముడి అంటే
పన్నె సందుల్లకెల్లి జారిపోవాలె,
పట్టి మీద చెయ్యి పెట్టి తడిమినా దొరకొద్దు.
మేం కడితే
ముడే కనవడదు సారూ.
టీవీకి చెప్పిన. టీవీ ముందర కూసున్న
మా చెల్లె బిడ్డ విరజ నవ్వింది.
పుస్తకంల వేరేనట పెద్దమ్మా, మార్చిండ్రట, అన్నది.
పుస్తకంల ఎవలట మరి?
ఏమో. అది ఇప్పుడు ఎక్కడా దొరకదట.

నాయిన పుస్తకం తీసిన.
నూట తొంభై రెండో పేజీ అడుగున
పెన్సిల్‌తో పాత కూలి లెక్క,
ఏడు పట్టీలు, అందింది ఐదింటికే.
అది గూడ సాక్ష్యమే.
ఏ తలారి చూస్తడు దాన్ని?

తెల్లారి షెడ్డుకు పోయిన.
ఇప్పుడు రెండే మగ్గాలు, నాదీ, కనకలచ్చిమిదీ.
సొసైటీ బిల్లు వచ్చి నాలుగు నెలలాయె.
రేచనను గుర్రం దించిన.
చేతికి దివిటీ ఇచ్చి, ముక్కు గోకిచ్చిన.
సాలె మల్లనను ఇంటికి పంపి
బావి గట్టు మీద ఒక కొత్తాయనను నిలవెట్టిన,
చంకల రిజిస్టరు, చెవి మీద పెన్ను.
కాకతీయుల కాలంల పెన్నెక్కడిదే, అన్నది కనకలచ్చిమి,
మరి నైలాన్ ఎక్కడిది?

నాడె ఆపింది.
ఎవలాయన, చెప్పరాదూ?
ఆగు చెప్త,
ముందుగాల ఆ తెగిన పోగు అతుకు.