సిక్కు

బాదేపల్లి మార్కెట్ యార్డు వెనక
నా కత్తెర చప్పుడుకు, ఆయన సుత్తె చప్పుడుకు నడుమ
ఒక్క రేకు అడ్డం.
ముప్పై ఒక్క ఏండ్లు.
ఆయన దగ్గర నేను రెండు బాండ్లీలు కొన్న, ఒక జల్లెడ కొన్న,
కత్తెరలకు ఎన్నిసార్లు సాన పట్టించిన్నో లెక్కలేదు.
నా కుర్చీల ఆయన ఒక్కనాడు కూసోలే.
"లచ్మన్ సింగూ, ఊరంత నీ అసొంటోళ్లే ఉంటే
నేను పల్లికాయ మూటలు మోసుకోవాలె" అంటే
గడ్డంల నవ్వేటోడు.

మా దిక్కు సిక్కు అంటే
దువ్వెనకు లొంగని వెంట్రుకలు.
జడలు గట్టిన పిల్లల్ని తీస్కొస్తరు తల్లులు.
ఒక్క కత్తిరింపు, అయిపాయె.
నాకు తెల్సిన మందు అదొక్కటే.

"మరి మీ సిక్కుకు అర్థమేందే?" అనడిగిన ఒకనాడు.
తిత్తి ఆపకుండనే చెప్పిండు:
"నేర్చుకునేటోడు."
"డెబ్బై దాటినయి గద, ఇంకేం నేర్చుకుంటవ్?"
"ఒకటో తరగతే బుచ్చన్నా. గురువు పాస్ చేస్తలేడు."

ఆ గురువును సూసిన.
స్టేషన్ రోడ్డుల రేకుల గది,
చాందినీ కింద, రుమాలు కప్పుకొని
ఒక పుస్తకం.
లచ్మన్ సింగ్‌కు అక్షరం రాదు.
తలుపు కాడ కూసుండి
వచ్చినోళ్ల చెప్పులు తుడుసుకుంట వింటుండె.
వాటిల్ల నావి గూడ ఉన్నయి,
షాపుల రాలిన వెంట్రుకలన్నీ అంటుకొని.
తన తలమీద ఒక్కటి కొయ్యనియ్యనోడు
ఊరోళ్ల వెంట్రుకలు
వేలితోని ఏరేస్తుండె.
నేను ఏమనలే. అన్నం తిని వచ్చిన.

పోయిన ఎండకాలం కొలిమి ఎగిసి
రెండు చేతులు కాలినయి.
మనుమడేమో బీదర్‌ల.
మూడో దినం నన్ను పిలిచిండు,
కట్లు కట్టిన చేతులు ఒళ్లె పెట్టుకొని.
"తల దువ్వాలె. నీకు వస్తదా?"

నాకు వస్తదా అట!
అలవాటుగ పెట్టె చేతికొచ్చింది.
గడప అవుతల్నే పెట్టిన. చేతులు కడుక్కున్న.
అడిగి పగ్డీ ఇప్పిన.
నడుము దాక వెండి.
కట్టె దువ్వెన మాడు మీద పెట్టి గుంజిన.
"ఉహూఁ" అన్నడు, నొప్పికి కాదు.
"కొసల కాడ మొదలువెట్టు.
పైన సంగతి పైకొచ్చినంక."

గంట పట్టింది.
ఒక్కొక్క ముడి ముంగట
నా వేళ్లకు ఏమీ రాదని తెలుసుకుంట.
రాలిన మూడు వెంట్రుకలు ఊడ్వబోతే
కట్టు చెయ్యి సాపిండు. అండ్ల పెట్టిన.

తెల్లారి
వంగూరు నుంచి ఒకామె పిల్లను తెచ్చింది,
నెత్తి నిండ సిక్కు.
కత్తెర పట్టిన, మళ్ల పెట్టిన.
కొసలు పట్టుకొని కూసున్న.
"గింత సేపా? కోసెయ్యరాదు.
కొత్తగ నేర్చుకుంటున్నవా?" అన్నది.
"అవునమ్మా."

కల్వకుర్తి బస్సు పాయె.
ఇంక రెండు ముడులున్నయి.