లాంతరు కింద పాపసంకీర్తనం

నేను పడవలు కట్టేవాణ్ణి.
మా పీకు దీవిలో తిమింగలాల వేట ఆగిపోయాక
తలుపులు, మంచాలు, శవపేటికలు.

ఒక మంగళవారం ఫాదర్ ఎవరిస్టు వచ్చి
పాపసంకీర్తనపు పెట్టెకున్న జాలీ ఊడబెరకమన్నాడు.
దేవదారు చెక్క. మా తాత చేతి నగిషీ.
నాకు ఉలి ఆడలేదు.

"చీకట్లో దెయొలిందా ఎలా మాట్లాడుతుందయ్యా?" అన్నాడు.

నిజమే.
ఆమెకు పుట్టుకతో వినబడదు.
మాటలన్నీ చేతుల్లోనే.
ఇన్నేళ్ళూ ఆ పెట్టెలో కూర్చోబెట్టి
మేం ఆమె నోరు మూశాం.

జాలీ తీసి, పడవ లాంతరు వేలాడదీశాను.
వెలుతురంటూ ఉంటే చూసే కళ్ళూ ఉంటాయిగా,
చుట్టూ తెరచాప గుడ్డ కట్టాను.
శనివారం సాయంత్రాలు
ఆ గుడ్డ మీద ఆమె పాపాలు నీడలై ఎగిరేవి.
చూడకూడదని గోడవైపు తిరిగేవాళ్ళం.
ముసలి ఫిలొమెన మాత్రం ఓరకంట చూసేది,
తర్వాత తన వంతులో
అదీ ఒప్పుకునేది.

యాభై దాటాక నేర్చిన భాష ఆయనది.
మొదటి ఏడాది "సమాధానం" అనబోయి
"జున్ను" అన్నాడట.
దెయొలిందా నవ్వు గుడంతా వినబడింది.

జెఫెరీనుకు నడుం కింద కదలిక లేదు.
పదకొండు నల్లరాతి మెట్లూ మేమే ఎత్తుకుపోతామన్నాం.
"మోస్తే మీకు వీలైనప్పుడు పూజకొస్తాను.
వాలుబాట కట్టండి,
నాకు బుద్ధి పుట్టినప్పుడు ఎగ్గొడతాను."
ఫాదర్ పడీపడీ నవ్వి
సిమెంటు తానే కలిపాడు.
మొదటి వానకే పగిలింది. మళ్ళీ నేనే పోశాను.
జెఫెరీను అన్నమాట ప్రకారం
నెలకో ఆదివారం ఎగ్గొట్టేవాడు.

పంతొమ్మిదేళ్ళు.
తర్వాత ఆయన చేతులకు నత్తి వచ్చింది.
ముందు పాత్రలోని ద్రాక్షారసం పీఠం గుడ్డ మీద,
తర్వాత ఒక్కో మాటా వేళ్ళ మధ్యనుంచి
జారిపోవడం.

పొగమంచు పట్టిన ఆ శనివారం
నేను గోడవైపు తిరగలేదు. ఒప్పుకుంటున్నాను.
గుడ్డ మీద రెండు నీడలు
వలలో పడ్డ పిట్టల్లా కొట్టుకుంటున్నాయి,
క్షమాపణ చివరి మాట దగ్గర
సిలువ గీత నిలవడం లేదు.
ఇంకో రెండు నీడలొచ్చి
వాటిని మణికట్ల దగ్గర పట్టుకున్నాయి.
నాలుగూ కలిసి
మెల్లగా ఆ గీత పూర్తి చేశాయి.

ఎవరు ఎవర్ని క్షమించారో
నీడలు చూసి చెప్పలేను.

ఆ జాలీ ఇంకా నా కొట్లోనే ఉంది.
ఉల్లిపాయలు ఆరబెడుతున్నాను దానిమీద.
గాలి బాగా ఆడుతుంది.