ఊరూ పేరూ లేని నిమిషాలు

పియర్ పట్నం, కమిషన్ హాలు, విచారణ మూడో రోజు.
కిటికీ అవతల మిస్సోరీ నది
సగం గడ్డకట్టి సగం నడుస్తోంది.
నా పని వినడం. విన్నది వేళ్ళతో దించడం.
ఇరవై రెండేళ్ళుగా ఈ చిన్న యంత్రం ముందు
ఏ మాటా నాది కాకుండా బతుకుతున్నాను.

ఇటు టవర్ల కంపెనీ వకీలు, మినియాపొలిస్ మనిషి,
బూట్ల మీద ఇంకా రోడ్డు ఉప్పు మరక.
అటు కోఆపరేటివ్ మేనేజరు ఓర్లిన్ హాగ్‌స్ట్రామ్,
మూడు వందల పన్నెండు ఇళ్ళకు తీగ లాగినవాడు,
అలవాటు లేని టైని
మాటిమాటికీ వేలితో వదులు చేసుకుంటూ.

గాలిలో వచ్చిన మాట
మా స్తంభం ఎక్కి, మా తీగ మీద నడిచి, మా వాళ్ళ గడప తొక్కితే
ఆ ఆఖరి మైలుకు సుంకమెంత?
నిమిషానికి రెండు సెంట్లకు దమ్మిడీ తక్కువ, అంటాడు ఓర్లిన్.
మీ మాట మేం మోస్తాం, మా మాట మీరు మోయండి,
చెల్లుకు చెల్లు, అంటాడు వకీలు.
మీ నుంచి వచ్చేవి ఏడు, మా నుంచి పోయేవి మూడు,
ఇదెక్కడి చెల్లు?

గట్టు తగాదాలు చాలా దించాను నేను.
కంచెలు, కాలవలు, ఒకసారి ఒక చచ్చిన ఎద్దు.
ఈ తగాదాలో గట్టే లేదు.

మధ్యాహ్నం పద్నాలుగో ఎగ్జిబిట్ తెచ్చారు.
దయ్యపు కాల్స్ అంటారట వీటిని.
ఎక్కడ బయల్దేరాయో తెలియదు,
దారిలో ఎవరో పేరు తుడిచేసి సాగనంపారు.
ఊరూ పేరూ లేకుండా వచ్చి
ఒక ఇంట్లో గంట మోగించి పోతాయి,
బిల్లు ఎవరికి రాయాలో దిక్కు తోచదు.
ఓర్లిన్ కళ్ళజోడు సవరించుకుని ఒక వరస చదివాడు:
జనవరి తొమ్మిది, రాత్రి రెండూ పదకొండు.
నలభై ఒక్క నిమిషాలు.
చేరిన నెంబరు, ఆఖరి నాలుగంకెలు, అరవై ముప్ఫై ఏడు.

నా వేళ్ళు ఆగాయి.
రికార్డరుకు అనుమతించిన మాట ఒక్కటే ఉంది, అదే అన్నాను:
"దయచేసి నెంబరు మళ్ళీ చెప్పండి."
చెప్పాడు.

అది మా అక్క వెర్నా నెంబరు.
వంటింటి గోడకు ఆవపిండి రంగు ఫోను,
సాగి సాగి నేలను తాకే చుట్టల తీగ.
ఆ పొద్దుటే మంచు తోసే కుర్రాడు
తలుపు కొట్టి కొట్టి మాకు కబురు చేశాడు.
కుర్చీలో ఉంది. ఒళ్ళో రిసీవరు.
ఎవరికో చేయబోయి పోయిందనుకున్నాం.
నాకేనేమో అని
రెండేళ్ళు ఆ మోగని ఫోనును మోశాను నేను.

తను చేయబోలేదు. తనకే వచ్చింది.
ఆ చలిలో ఎవరో మేలుకుని ఉన్నారు.
ఎవరు? ఏ లారీలోంచి, ఏ ఆసుపత్రి వరండాలోంచి?
అంతసేపు ఏం మాట్లాడుకున్నారు?
చివర్లో అటువైపు ఎంతసేపు "హలో, హలో" అన్నారు?

"ఆ ట్రాఫిక్ మాది కాదు," అన్నాడు వకీలు.
"మరెవరిది?" అన్నాడు ఓర్లిన్.
రెండూ దించాను.

తర్వాత లెక్క కట్టారు:
డెబ్బై ఎనిమిది సెంట్లకు కాస్త తక్కువ.
విరామంలో కాఫీ మెషీన్లో మూడు పావలాలు వేసి
కప్పు నిండాక కూడా అక్కడే నిలబడ్డాను.

తీర్పు మార్చికి వాయిదా.
హాలు ఖాళీ అవుతుంటే, ఓర్లిన్ కోటు తొడుక్కుంటూ
నా బల్ల దగ్గర ఆగాడు.
"వెర్నా బిల్లు ఎప్పుడూ ఒకటో తారీకుకే వచ్చేసేది," అన్నాడు,
నా వైపు చూడకుండా, ఒక చేతికి గ్లవ్ ఎక్కిస్తూ.

ఎగ్జిబిట్లో వరసలు నాలుగు వేల చిల్లర.
ఆ ఒక్కటే ఎందుకు చదివావని
నేను అడగలేదు.
యంత్రం అప్పటికే పెట్టెలో పెట్టేశాను.