ఏడున్నర

జీడిపిక్కల జిడ్డు
కిరసనాయిలికీ వదల్దు.
నల్లబడ్డ వేళ్ళతోనే
ఏడున్నరకి టీవీ పెడతాను.

కాశీబుగ్గ వీధంతా మా గదిలో కూకుని
మందాకినిని తిడతాది.
"దీని జిమ్మడ!" అంటాది గున్నమ్మప్ప.
నానూ తిడతాను, నలుగురితోటి.

కానీ అది
అబద్ధమాడి కళ్ళు దించదు.
అందరికన్నా ముందు తినేస్తాది.
ఏడుపొస్తే తలుపేసుకుంటాది.

మొన్న పప్పు తూకంలో
మేస్త్రీ పావుకిలో నొక్కేసినప్పుడు
ఆ మంచి కోడలి కన్నీళ్ళు
నాకు అక్కరకి రానేదు.
ఎడమ కనుబొమ్మ దానంతటదే లెగిసింది.
"మళ్ళీ తూచు" అన్నాను.
తూచినాడు.
రెండ్రోజులు పని ఇవ్వనేదు కూడా.

ఈ రాత్రి మందాకిని మారిపోతాదంట.
అత్త కాళ్ళు పట్టుకుంటాదంట.

ఏడూ ఇరవయ్యెనిమిదికి
వెనక తీగ పీకేసినాను.
"టీవీ పాడైపోనాది" అన్నాను,
కళ్ళు దించకుండా.