గోటి గీత

రోల్ చేతికియ్యంగనే మిషిన్ల పెట్టకు, తమ్మీ.
ముందుగాల బొటనవేలి గోటితోని ఒక్క గీత గియ్యి.
నల్లగ పడ్డదా?
అయితె అది రిబ్బన్ లేని కాగితం. వేడే దాని సిరా.
వేడితోనే అచ్చయితది, వేడితోనే ఆగమైతది.

సోహార్ల వేడికి ఏం తక్కువ లేదు.
పోర్టు గేటు కాడ పొద్దున ఏడింటికే
కంటెయినర్ గొళ్లెం పట్టుకుంటె అరచెయ్యి అతుక్కుంటది.

పోయిన ఆగస్టు ముచ్చట నీకు తెల్వది.
రోలుకు నూరు బైసాలు మిగుల్తయని
ఆఫీసోళ్లు అగ్గువది తెచ్చిండ్రు.
పదకొండు దినాలు యార్డుల ఎండిన కంటెయినర్ తెరిస్తె
పద్నాలుగు వందల డబ్బాలు,
ఒక్కదానికి పేరు లేదు.
తెలుపు మీద నలుపు కాదు,
నలుపు మీద నలుపు.
స్కానర్ పెడితె కుయ్యిమనదు, కయ్యిమనదు.
ఖల్ఫాన్ సార్ నెత్తి మీది టోపీ తీసి
మళ్ల పెట్టుకున్నడు, అంతే.
తిడితె బాగుండు.
నేను, నేపాల్ తిలక్, షఫీకుల్
మూడు రాత్రులు డబ్బాలు ఊపి ఊపి చూసినం.
గలగలమంటె బేరింగులు. తేలికగ ఉంటె ఫిల్టర్లు.
ఏమనకుంటె రబ్బరు సీళ్లు.
చెవితోని స్టాక్ రాసుకున్న గోదాం
ఒమన్ మొత్తంల ఇదొక్కటేనేమో.

తర్వాత దుబాయి నుంచి సేల్స్ ఆయన
సాంపిళ్ల పుస్తకం పట్టుకొచ్చిండు.
అన్ని తెల్లగనే ఉన్నయి. అన్ని మంచియే అన్నడు.

నేను చెప్త విను.
మస్కట్ దాక పోయే పార్సిల్‌ది రెండు దినాల బతుకు.
దానికి ఉత్తది చాలు, రిబ్బన్ దండుగ.
ర్యాకు మీద ఏండ్లకేండ్లు కూసుండే సరుకుకు
రిబ్బన్ పెట్టు. మైనంది కాదు, రెజిన్‌ది.
నూనె డ్రమ్ములకు కాగితమే వద్దు, ప్లాస్టిక్‌ది వెయ్యి.
చేపల కోల్డ్ రూంల మామూలు జిగురు నిలవది,
తెల్లారేసరికి పొలుసులోలె రాలిపడి ఉంటది.
దాని జిగురే వేరు. అది సుత
డబ్బా పొడిగున్నప్పుడు, చలిలకు పోకముందు అంటియ్యాలె.
చెమట చేత్తోని ముట్టకు.

మెట్‌పల్లిల మా చిన్నమ్మ బీడీ కట్టలకు
గంజితోని లేబుళ్లు అంటిస్తుండె.
ఆమెకు సదువు రాదు.
లేబులు తలకిందులైతె మాత్రం
ఎట్ల తెలుస్తుండెనో, చూడకుంటనే తిప్పుతుండె.

ఇంకొకటుంది. చెప్పాల్నా వద్దా అనుకున్న.
ఓడ్నాల భూమేశ్, నీకు ముందు ఇదే మిషిన్ మీద చేసినోడు,
ఫిబ్రవరిల నిద్రలనే పోయిండు.
మస్కట్ కార్గోల పెట్టె మీద లేబులు అంటించిండ్రు.
పేరుల ఒక అక్షరం తప్పు. బరువు కిలోలల్ల. హైదరాబాద్.
సంతకం పెట్టనీకి నేనే పోయిన.
అలవాటు, ఏం సోంచాయించలే,
ఒక మూలకు గోటితోని గీసిన.
నల్లగ పడ్డది.

మొదలు కోపమొచ్చింది.
తర్వాత లెక్కేసిన. విమానం, అంబులెన్సు, ఊరు:
ఒక్క దినం, ఎక్కువైతె రెండు.
సరైన లేబులే పెట్టిండ్రు.
ఈ మాట ఇంతవరకు ఎవ్వరికి చెప్పలే.

వాడు తీసిన పాత రిబ్బన్ ఒకటి నా కాడుంది.
కంపెనీ పారెయ్యమన్నది.
వెలుతురుకు పట్టి చూస్తె
అచ్చయి పోయిందంతా దాంట్ల ఖాళీగ, తెల్లగ కనబడతది:
సలాలా, నిజ్వా, బురైమి, గాస్కెట్లు మూడు వందల పన్నెండు.
నడుమ ఒకచోట, టెస్టుకని కొట్టుకున్నడు,
వాని పేరు.
అక్షరం తప్పు లేదు.

సరే, దా. ఎర్ర లైటు కొట్టుకుంటుంది.
రోలు ఎక్కకుంటె బలవంతం చెయ్యకు, లోపలి గొట్టం సైజు చూడు.
మూత మెల్లగ ఎత్తు.
మిషిన్ తల ఇంకా వేడిగుంటది,
ముట్టకు.