జెండాలు తీసేసిన గోడ

పగలు సిటీ బస్సు నడుపుతాను.
శుక్రవారం రాత్రి మా చర్చి బేస్‌మెంట్‌లో
యవ్వనస్థుల కూడిక నడుపుతాను.
బస్సే నయం.
ఎక్కినవాళ్లకి ఎక్కడ దిగాలో తెలుసు.

విన్నిపెగ్‌లో జనవరి.
ముక్కులో తేమ కూడా గడ్డకట్టే చలి.
మెట్ల కింద ముప్పై జతల బూట్లు
మంచు కక్కుతున్నాయి.

పెద్దల కమిటీ తీర్మానం చేసింది:
"అన్ని జాతుల పిల్లలూ మనవాళ్లేనని కనబడాలి."
కనబడాలన్నారు కదా,
జెండాలు కొన్నాను.
ఎరిత్రియా, ఫిలిప్పీన్స్, దక్షిణ సూడాన్, యుక్రెయిన్,
గోడంతా రంగులు.
ఫొటో తీసి బులెటిన్‌లో వేశాం.

ఆ రాత్రి సేర్ కూ
గోడ ముందు చాలాసేపు నిలబడ్డాడు.
థాయ్‌లాండ్ సరిహద్దులో, శరణార్థుల శిబిరంలో,
వెదురు గుడిసెలో పుట్టినవాడు.
"నాది ఏది?" అన్నాడు,
జారిపోయిన చేతితొడుగు వెతుక్కుంటున్నట్టు.
రేలీన్ నవ్వింది.
జెండా అన్న మాట ఇక్కడికి రాకముందే
ఈ నది ఒడ్డున చేపలు ఎండబెట్టినవాళ్ల మనవరాలు.
"నాదీ లేదులే, రా," అని వాణ్ణి లాక్కెళ్లింది.
నా చెవులు కాలాయి.

అదే రాత్రి ఇంకొకటి తెలిసింది.
సెమ్‌హాల్ పిజ్జా ముట్టదు.
శుక్రవారం వాళ్లింట్లో ఉపవాసం,
పాలు, వెన్న, మాంసం ఏవీ తగలకూడదు.
"మరి చెప్పలేదేం?"
"మీరు అడగలేదు కదా."
స్వాగతం అని రాసిన బోర్డు కింద
మూడు వారాలు ఒక పిల్లను పస్తుంచాను.

జెండాలు పీకేశాను.
టేపుతో పాటు రంగూ ఊడి
గోడ మీద తెల్లటి మచ్చలు మిగిలాయి.
కమిటీ సున్నం వేయించమంది.
ఇంకా వేయించలేదు.

న్యాకుయోత్‌ని అంతవరకూ న్యా అనేవాణ్ణి.
ముద్దుపేరనుకున్నాను, బద్ధకం.
ఎర్రదీపం పడ్డ ప్రతిచోటా
ఆ పేరు పూర్తిగా నోట్లో నానబెట్టాను.
ముందు సీటు ముసలాయన
నన్ను అదోలా చూసి వెనక్కి వెళ్లి కూర్చున్నాడు.

మార్చిలో ఒకసారి ప్రార్థన
ఎవరి భాషలో వాళ్లు, ఒక్కసారే, పైకే చేశారు.
మీద గదిలో దుప్పట్లు కుడుతున్న పెన్నర్ గారి భార్య
చేతికర్ర టకటకలాడిస్తూ దిగి వచ్చింది.
"ఏమిటీ బాబెలు?"
పెంతెకొస్తు గురించి చెప్పబోయాను,
ప్రసంగీకుడి జవాబు, నోటి చివరే ఉంది.
ఇంతలో బాయిలర్ దబదబమంది.
ఆవిడ కూర్చుంది.
కాసేపటికి వాళ్లమ్మ భాషలో
పరలోకమందున్న తండ్రిని పిలిచింది.
తుప్పు పట్టిన గొంతు. సగంలో మాట మరిచిపోయింది.
అందించడానికి
ఆ భాష వచ్చినవాళ్లు ఒక్కరూ లేరు.
అందరం ఆగాం.
జునెల్ ఫోన్ తిరగేసి పెట్టాడు.
మాట దొరికేదాకా ఆగాం.

తాళంచెవి రేలీన్‌కి ఇచ్చేశాను.
కమిటీలో ఇద్దరు ఇంకా నాతో మాట్లాడటం లేదు.

నిన్న మంచుతుఫానులో బస్సు ఇరుక్కుంది.
గంట ఆలస్యంగా చేరేసరికి
బేస్‌మెంట్ కిటికీలో వెలుగు.
ఎవరూ నాకోసం ఆగలేదు.
కుర్చీలన్నీ నిండాయి.
మెట్ల మీద, తడి బూట్ల మధ్య కూర్చున్నాను.
దేనికి నవ్వుతున్నారో అర్థం కాలేదు.
ఎవరిదో చెయ్యి
కంచంలో పుల్లట్టు, శనగపిండి కూర
నావైపు జరిపింది,
వెనక్కి తిరిగి చూడకుండానే.