వెనక వైపు

బొమ్మలాయన వచ్చింది సోమవారం నాడు.
సోమవారమే రావాలా?
ఆదివారమంతా లైయా నది గట్టున
హాయిగా ఆడిన ఊపిరి
సోమవారం పొద్దున కొట్టు గుమ్మం దాటగానే
ఎవరో బండ పెట్టినట్టు బిగుస్తుంది.
అవిసె నార దులిపే మా అందరికీ ఇంతే.
ఉర్సులా ఆ బిగువుని 'మా ఆయన' అంటుంది,
వారానికోసారి తప్పకుండా వచ్చి మీద కూచుంటాడని.

కిటికీ దగ్గర పీట వేసుకుని
'కదలకు, కోలెతా' అన్నాడు.
కదలకుంటే రోజుకి ఫ్రాంకున్నర.
చీకట్నే వచ్చి దీపాలు పెట్టేదాకా కదిలితే ఒక్కటే.
పని చేస్తున్నట్టు నిలబడాలట,
పని చెయ్యకూడదట.
చెయ్యి గాల్లో, నారకట్ట చేతిలో,
చక్రం ఆపించేశాడు.
మేస్త్రీ ఆఖియెల్ ఆగిన చక్రాన్ని పద్దులో రాసుకున్నాడు.

తొమ్మిది రోజులు అట్లా.
రాత్రి గంజి చెంచా నిలవలేదు చేతిలో.
ఎంత పని చేసినా ఎన్నడూ ఎక్కని తిమ్మిరి.

ఉర్సులా ఒక్కచోట ఉండదు,
పిల్లకి పాలివ్వాలని పోయేది, వచ్చేది.
ఆయన విసుక్కుని
ఆమె ఉన్నచోట బుట్ట గీసేశాడు.
'నాకంటే బుట్టే నయం, దానికి పాలు చేపవు' అని నవ్వింది.
నవ్వు దగ్గులోకి జారి
చాలాసేపు బయటికి రాలేదు.

చివరికి చూడమన్నాడు.
చూశాను.

చక్రం కొరికిన నా చూపుడు వేలు
పొట్టిగా, గోరు పక్కకి తిరిగి, అచ్చం అలాగే ఉంది.
మా అమ్మ కూడా ఆ గోటిని అంతసేపు చూసి ఉండదు.
ఆయనకి ఏదైనా పెట్టాలనిపించింది.
ఇంట్లో ఉల్లిపాయలు తప్ప ఏమీ లేవు.

కానీ ధూళి.
మా ముక్కుల్లో, రొట్టెలో, పసిదాని నోట్లో పడే ధూళిని
బంగారం చేశాడు.
పండగనాడు చర్చిలో వేసే ధూపంలా
ఎండలో తీరిగ్గా దిగుతోంది.
'ఎంత అందం!' అన్నాడు.
'అందమే బాబూ, పీల్చనంతసేపు' అన్నాను.
నదిలో నార కుళ్ళే వాసన ఏదీ అంటే
దానికి రంగు లేదన్నాడు.

ఎందుకో, బొమ్మని తిప్పాను.
ఇంకా పచ్చిగా ఉందని అరిచాడు.
వెనక బట్ట. మా బట్ట.
బొటనవేలితో రాసి చూశాను.
లైయా నీళ్ళలో నానిన నారే,
తొందరపడి తీశారు, ఇంకో రెండు రోజులు ఉండాల్సింది.
ఇదిగో ముడి.
ఇదిగో నేతలో ఇరుక్కున్న పుల్లముక్క,
దులుపుతూ దులుపుతూ ఎవరిదో ఓపిక అయిపోయింది.
శనివారం సాయంత్రం అయ్యుంటుంది.
నేనే అయ్యుండొచ్చు.

రంగులు దేంతో కలుపుతావని అడిగాను.
సీసా మూత తీసి ముక్కు దగ్గర పెట్టాడు.
అవిసె నూనె.

నవ్వొచ్చింది.
గొడుగూ పీటా మోసుకుని ఎక్కడినుంచో బండెక్కి వచ్చి
మా నార మీద
మా గింజల నూనెతో
మమ్మల్నే పూసి
కింద మూల తన పేరు రాసుకున్నాడు,
ఎర్రగా, చిన్నగా.

ఆ పొట్టి వేలి గోటితోనే పుల్లముక్క గిల్లి తీసేశాను. అలవాటు.
'చిల్లు పడుతుంది!'
పడలేదు.

పదమూడున్నర ఫ్రాంకులు ఇచ్చాడు.
చక్రం ఆగిన లెక్క చూపించి ఆఖియెల్ ఆరు కోశాడు.
బయట కొత్త కట్టలు దిగుతున్నాయి.
గుమ్మంలో ఉర్సులా, పిల్ల భుజం మీద,
'నా బుట్ట ఎలా వచ్చింది?' అంది.
'నీకంటే లావుగా' అన్నాను.